సింథసైజర్ ముందు మా మేనత్త

పోయిన నెల ఒక పొద్దుట హౌరాలోని టికియాపారా నుంచి ఫోను వచ్చింది. చేసింది రాణి, మా మేనత్త మరిది కూతురు. మా వైపు అక్కని అప్ప అంటారు, నన్ను అలాగే పిలుస్తుంది. "అప్పా, పెద్దమ్మ నిద్దట్లోనే ఎలిపోనాది. టీ పట్టుకెళ్ళి లేపితే లేవనేదు" అంది. కాసేపు ఏడ్చి, "రాత్రి రెండు రొట్టెలు తిన్నాదప్పా. కూర బాగుందని మళ్ళీ వేయించుకున్నాది" అని కూడా చెప్పింది.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. కూర బాగుందని మెచ్చుకుని, మారు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయిన మనిషి కోసం ఎలా ఏడవాలో తెలియలేదు. బేహాలా నుంచి హౌరా వెళ్ళే బస్సులో కూర్చున్నాక, వంతెన మీద గంగ కనబడగానే వచ్చింది.

ఇది చదువుతున్న మీలో ఎక్కువమందికి ఆమె తెలిసి ఉండదు. తెలిసినవాళ్ళకి కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్ తెలుగు చర్చిలో హార్మోనియం వాయించే ఆవిడగా తెలుసు. ఎనభైల నడుమ కలకత్తాలో 'జోవార్' అని ఒక క్యాసెట్ వచ్చింది. జోవార్ అంటే బెంగాలీలో నదికి వచ్చే పోటు. విదేశాల్లో అప్పుడు న్యూవేవ్ అనీ, సింథ్‌పాప్ అనీ పేర్లు పెట్టి పిలుస్తున్న యంత్రాల సంగీతం అది. పెద్దగా ఎవరూ కొనలేదు. అందులో మీటలన్నీ వాయించింది మా అత్తే అంటే చర్చివాళ్ళు ఇప్పటికీ నమ్మరు. క్యాసెట్ అట్ట మీద కూడా ఆమె పేరు లేదు, 'మాషీమా' అని ఉంటుంది. బెంగాలీ పిల్లలు పిన్నమ్మ వరసైనవాళ్ళని అలాగే పిలుస్తారు.

మాది భీమిలి వైపు నుంచి తాతగారి కాలంలో కలకత్తా రేవుకి పనికొచ్చిన కుటుంబం. నాన్న రేవులో క్రేను నడిపేవాడు. అత్త ఆయనకి అక్క. ఆమె భర్త షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేస్తూ జబ్బు చేసి చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. రైల్వేవాళ్ళు ఆమెకి అదే యార్డు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. నాన్న వెళ్ళి ట్రంకుపెట్టెతో సహా ఆమెని వాట్‌గంజ్‌లో మా ఇంటికి తీసుకొచ్చేశాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్న లాంచీలో గంగ దాటి షాలిమార్ వెళ్ళేది. సాయంత్రం లాంచీలో తిరిగొచ్చేది, సంచిలో ఏదో ఒక చేపతో. "చేపలూ ఆర్మోనియమూ నేకపోతే మా అప్ప బతకనేదు" అనేవాడు నాన్న.

చర్చిలో ఉన్నది కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం. అత్త కూర్చోగానే ముందు చీర కొంగుతో మీటలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచేది. పాటలో ప్రతి చరణం చివర చేతులు ఒక్క క్షణం పైకెత్తి ఆగేది. ఎందుకని నేనడిగితే, "ముసిలోళ్ళు ఊపిరి తీసుకోవద్దేటి? మనం గబగబా ఎల్లిపోతే ఆల్లు యెనకబడిపోతారు" అంది.

నాకు తెలుగు చదవడం నేర్పింది కూడా ఆ హార్మోనియం పక్కనే. మా వీధి పిల్లలందరం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమేగానీ అక్షరాలు ఎవరికీ రావు. బడిలో బెంగాలీ, హిందీ. ఆమె కీర్తనల పుస్తకం తెరిచి, మేం నోటితో పాడే మాట మీద వేలు పెట్టేది. "పాట వొచ్చీసినాక అచ్చరం దానంతటదే వొస్తాదే, బెంగెట్టుకోకు" అనేది. అలాగే వచ్చింది. ఈ నాలుగు మాటలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆమె వేలి చలవే.

కాలేజీ రోజుల్లో నేనూ, తపన్ అని ఒక స్నేహితుడూ, బాపీ అని ఇంకొకతనూ కలిసి ఒక బ్యాండు పెట్టాం. పేరు 'నియాన్ ఘాట్', ఘాట్ అంటే లాంచీలు ఆగే రేవు. తపన్ ఖిదిర్‌పూర్ రేవులో దిగిన ఓడ రేడియో ఆపరేటర్ దగ్గర ఒక సింథసైజరు, ఒక చిన్న డ్రమ్ మిషనూ సంపాదించాడు. శబ్దాలు తయారుచేయడంలో అతను మాంత్రికుడు, వాయించడం మాత్రం అంతంతమాత్రం. వాయించేది బాపీ. బెంగాలీలో, ఇంగ్లీషులో పాటలు రాసి పాడేది నేను. మా ఇంటి మేడ మీది గదిలో సాధన.

తపన్ మేనమామకి ధర్మతలా సందులో రికార్డింగు స్టూడియో ఉండేది. శనివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుంది, వచ్చి ఆల్బమ్ చేసుకోండి అన్నాడాయన. మాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సరిగ్గా అప్పుడే బాపీకి బొంబాయిలో ఉద్యోగం వచ్చింది. వారం తిరక్కుండా రైలెక్కేశాడు.

ఆ సాయంత్రం తపన్ మేడ మీద తల పట్టుకు కూర్చున్నాడు. అత్త అప్పుడే షాలిమార్ నుంచి వచ్చింది. చేతిలో సంచితోనే మెట్లెక్కి, "ఏటే లిల్లీ, ఇయాల గోల ఇనపడ్డం నేదు?" అంది. చెప్పాను. ఆమె సంచి గుమ్మం దగ్గర పెట్టి, సింథసైజరు ముందు కూర్చుంది. కొంగుతో మీటలు తుడిచింది. తర్వాత కాళ్ళతో బల్ల కింద వెతకడం మొదలుపెట్టింది.

"ఏటి వెతుకుతున్నావత్తా?"

"తొక్కడానికేటీ నేదేటే దీనికి?"

"కరెంటుతో పలుకుతుందత్తా."

"మరైతే కాళ్ళేం సేసుకోవాలి?" అని కాసేపు ఆలోచించి, రెండు కాళ్ళూ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బాపీ వాయించే వరస మొదటినుంచి చివరిదాకా వాయించేసింది. రోజూ కింద గదిలో చేప తోముతూ విన్నదేగా. తపన్ లేచి నిలబడ్డాడు. అతను ఒక గుండ్రటి మీట తిప్పితే ఆమె వేళ్ళ కింది శబ్దం ఓడ కూతలా మారింది. అత్త అదిరిపడి చేతులు తీసేసి, ఒక్కసారి పకపకా నవ్వింది. యాభై దగ్గరపడిన మనిషి అలా నవ్వడం నేను అంతవరకూ చూడలేదు.

"మాషీమా, మాతో స్టూడియోకి వస్తారా?" అన్నాడు తపన్.

"శనివారాలు మజ్జానం నుంచి నాకు సెలవేగా. వొస్తాను" అంది.

ఆ రోజుల్లో ఈ సంగీతం ఎవరికీ నచ్చేది కాదు. మా వీధి చివర కమ్యూనిస్టు పార్టీ ఆఫీసులో ఒక నాయకుడు ఉండేవాడు, బెంగాలీ పద్ధతిలో అందరూ దాదా, అంటే అన్నా, అని పిలిచేవారు. మంచివాడే, నీళ్ళు రాకపోతే కార్పొరేషన్‌తో పోట్లాడి తెప్పించేవాడు. మా పేట క్లబ్బు ఉత్సవంలో మేం పాడతామంటే మాత్రం, "ఇది అపసంస్కృతి మాషీమా. శ్రామికుల పాట కాదు" అని అత్తకే చెప్పి పంపించాడు. "నాను యార్డులో పొద్దల్లా పనిసేసి వొచ్చి వాయిస్తన్నాను బాబూ, ఇంకెవరి పాటది?" అని అత్త అడిగితే నవ్వేసి ఊరుకున్నాడుగానీ ఒప్పుకోలేదు.

చర్చి సంగతి అంత తేలిక కాలేదు. అత్త తానే వెళ్ళి అయ్యగారికి చెప్పింది. మా పాస్టరుగారు కాకినాడ వైపు మనిషి, మృదువుగా మాట్లాడేవారు. "అమ్మా, నాకు అభ్యంతరం లేదుగానీ పెద్దలు ఒప్పుకోరు. ఆరాధనలో వాయించే చేతులతో డిస్కో వాయించడం ఏమిటంటారు" అన్నారు. ఆయన అన్నట్టే అయింది. సంఘపెద్దలు కూర్చుని, ఆ పని మానుకునేదాకా హార్మోనియం ముట్టవద్దన్నారు.

ఆ సాయంత్రం అత్త చేపని మామూలు కంటే గట్టిగా తోమింది. భర్త పోయాక ఆమెని నిలబెట్టింది ఆ హార్మోనియమే అని మాకందరికీ తెలుసు. నేను పక్కన కూర్చుని, "మానేద్దాం అత్తా. మాకు ఇంకెవరైనా దొరుకుతారు" అన్నాను.

"దొరకరు. ఆ తపను గుంటడు నన్ను నమ్ముకుని కూకున్నాడు. వొస్తానని మాటిచ్చినాను."

"మరి చర్చి? నీకు బెంగగా లేదా?"

"బెంగెందుకుండదే? ఉన్నాది" అంది. చేప ముక్కల మీద పసుపు చల్లుతూ, తనలో తాను నవ్వుకున్నట్టు, "ఒకడు దేవుడి పేరు సెప్పి వొద్దంటాడు. ఇంకొకడు దేవుడే నేడని సెప్పి వొద్దంటాడు. ఇద్దరికీ ఒకే మాట ఎలాగొచ్చిందే?" అంది. నాన్న పక్క గదిలోంచి గట్టిగా నవ్వడం వినిపించింది. అంతటితో ఇంట్లో బరువు కొంచెం దిగింది.

మొదటి శనివారం ఆమె షాలిమార్ నుంచి నేరుగా స్టూడియోకి వచ్చింది, సంచిలో బెంగాలీలు ఇలిష్ అనే పులస చేపతో సహా. రికార్డింగు ఇంజనీరు ఒక పెద్దాయన, శుభ్రం విషయంలో మహా కచ్చితం. "చేపతో స్టూడియోలోకి రాకూడదు" అన్నాడు. అత్త సంచి విప్పి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మొప్ప ఎత్తి చూసి, "ఏ ఘాట్‌లో కొన్నారు?" అన్నాడు. తర్వాత అరగంట ఇద్దరూ ఆవపిండితోనా చింతపండుతోనా అని వాదించుకున్నారు. చేపని తడిగుడ్డ చుట్టి ఆయన గది కిటికీలో పెట్టారు. ఆ రోజునుంచి ఆయన మా అత్త పక్షం.

ఆమె అన్నీ సరిగ్గా చేసేసిందని అనుకోకండి. ఒకసారి తపన్ మధ్యాహ్నమంతా కూర్చుని తయారుచేసి మిషన్లో దాచుకున్న శబ్దాలన్నీ, మీటలు తుడుస్తూ ఏదో నొక్కి చెరిపేసింది. తపన్ ముఖం పాలిపోయింది. అత్త బిక్కమొహం వేసుకుని కిందికెళ్ళి, మట్టి ముంతలో టీ తెచ్చి అతని చేతిలో పెట్టి, "కొట్టీ బాబూ నన్ను" అంది. అతను ఏడవలేక నవ్వాడు. మళ్ళీ మొదటినుంచి చేశాడు. రెండోసారి చేసినవే బాగున్నాయని అతను తర్వాత చాలాసార్లు అన్నాడు. నిజమో, ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అన్నాడో తెలియదు.

వాళ్ళిద్దరికీ ఒక్క విషయంలో మాత్రం తగువు. చరణం చివర అత్త చేతులు ఎత్తేసేది, చర్చిలో లాగే. డ్రమ్ మిషన్ మాత్రం టకటకా కొట్టుకుంటూ పోయేది. "ఆగొద్దు మాషీమా, మిషన్ ఆగదు" అనేవాడు తపన్. "అది ఆగదు, సరే. లిల్లీకి ఊపిరాడొద్దేటి?" అనేది ఆమె. చివరికి కొన్ని పాటల్లో ఆమె మాట, కొన్నింట్లో అతని మాట నెగ్గింది. ఇప్పుడు వింటే ఏది ఎవరిదో ఇట్టే చెప్పగలను. ఆమె ఆగిన చోట్లలో నేను ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది.

ఆదివారాలు మాత్రం ఆమె చర్చికి వెళ్ళడం మానలేదు. వెనక వరసలో కూర్చునేది. కొత్తగా వాయిస్తున్న అతనికి చేయి ఇంకా కుదరలేదు. ఒక ఆదివారం పాట మరీ పైశ్రుతిలో ఎత్తుకున్నాడు. సంఘమంతా రెండో పంక్తికే గొంతులు చీలిపోయి ఆగిపోయింది. అతను బెదిరిపోయి చేతులు తీసేశాడు. అప్పుడు వెనక వరసలోంచి అత్త అదే పాటని కింది శ్రుతిలో, చిన్న గొంతుతో అందుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు కలిశారు, తర్వాత వాళ్ళ ముందు వరస, తర్వాత మొత్తం. హార్మోనియం లేకుండానే పాట పూర్తయింది. ఆమె పాట కాగానే లేచి ముందుకు వెళ్ళి, ఆ అతని భుజం తట్టి, "భయపడకు బాబూ. సాయంత్రం మా ఇంటికి రా, నాలుగు పాటలు సూసుకుందాం" అని చెప్పి వెనక్కొచ్చి కూర్చుంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారూ, పెద్దల్లో ముఖ్యుడైన ఒకాయనా గుమ్మం దగ్గర ఆమెని ఆపారు. "అమ్మా, వచ్చే వారంనుంచి మీ చోటికి మీరు వచ్చేయండి" అన్నారు అయ్యగారు.

నేను అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె ముఖం వెలిగింది. కానీ, "ఇంకా పాటలు మిగిలున్నాయి అయ్యగారూ. అవి అయిపోనాక వొస్తాను. మద్దెలో ఒగ్గీసి వొచ్చినానంటే మీకూ బాగోదు" అంది. పెద్దాయన తెల్లబోయాడు. అయ్యగారు మాత్రం తల వంచుకుని నవ్వాపుకున్నారు. "సరేనమ్మా. మేం కనిపెట్టుకుని ఉంటాం" అన్నారు.

ఆఖరి పాట ముందుగా అనుకున్నది కాదు. వానాకాలం శనివారం, మధ్యాహ్నమే చీకటి పడ్డట్టు మబ్బు. ఒక పాట సగంలో ఉండగా లోడ్‌షెడ్డింగ్, కరెంటు పోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో రోజూ ఉండేదే. జనరేటరు వేస్తే టేపు మిషనూ, ఒక మైకూ, ఒక బల్బూ మాత్రం నడిచేవి. సింథసైజరు మూగబోయింది. అందరం ఊరికే కూర్చున్నాం. మూలన రవీంద్ర సంగీతం పాడేవాళ్ళ కోసం పెట్టిన చిన్న చేతి హార్మోనియం ఉంది. అత్త వెళ్ళి దాని ముందు చతికిలబడి, ఏదో తెలియని వరస మెల్లగా వాయించుకోవడం మొదలుపెట్టింది. తర్వాత నోటితో కూడా అంది.

"ఆ ఒడ్డుకెల్లే లాంచీ, ఈ ఒడ్డుకెప్పుడొస్తావే..."

ఆ రెండు మూడు పంక్తులే, మళ్ళీ మళ్ళీ. ఇంజనీరుగారు ఎవరితోనూ అనకుండా టేపు నడిపి రికార్డు చేసేశారు. ఆమెకి తెలియదు. పాడటం అయ్యాక నేనడిగాను, "ఏం పాట అత్తా ఇది?"

"పాటేటి, నా మొకం. మీ మామ పోనాక మొదటిసారి పనికెల్లిన రోజు ఘాట్ మీద నిలబడి అనుకున్నాను. లాంచీ రానేదు ఎంతకీ. ఏడవకండా ఉందామని ఏదో అనుకున్నాను. తరవాత లాంచీ వొచ్చింది, ఎక్కీసినాను" అంది.

అన్నేళ్ళు ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను, ఆ పాట ఎప్పుడూ వినలేదు. ఎవరికైనా వినిపించావా అంటే, "ఇప్పుడు మీకే" అంది.

కరెంటు వచ్చాక తపన్ ఆ టేపు విన్నాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. కళ్ళు తుడుచుకున్నాడు. దాని కింద చాలా మెల్లగా లాంచీ ఇంజనులాంటి ఒక శబ్దం మాత్రం కలిపాడు. డ్రమ్ మిషన్ పెట్టలేదు. ఆల్బమ్‌లో అది చివరి పాట. మిగతా పాటలు అప్పటి కాలానివి, ఇప్పుడు వింటే వాటి వయసు తెలుస్తుంది. ఆ పాటకి మాత్రం వయసు రాలేదు. నేను మేనకోడల్ని కనుక అలా అనిపిస్తుందేమో, ఆ మాట కూడా ఒప్పుకుంటాను.

క్యాసెట్ వచ్చింది. అత్త మళ్ళీ చర్చి హార్మోనియం ముందుకి వెళ్ళింది. ఆ కొత్త అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పాట తనూ ఒక పాట అతనూ వాయించేలా ఏర్పాటు చేసుకుంది. మా బ్యాండు ఏడాది దాటకుండానే చెదిరిపోయింది. తపన్ ప్రకటనలకి సంగీతం చేసేవాడయ్యాడు. నేను బడిలో పంతులమ్మనయ్యాను. ఎవరికీ దిగులు లేదు. చేయాలనుకున్నది చేశాం.

ఆ ఏటి దుర్గాపూజలో మా వీధి పందిరి మైకులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అత్త గొంతు వినబడింది. మేమంతా వాకిట్లోకి పరుగెత్తాం. మైకు దగ్గర కూర్చున్నది పార్టీ ఆఫీసు దాదాయే. మమ్మల్ని చూసి కొంచెం సిగ్గుపడి, "లాంచీ పాట, మాషీమా. ఇది మాత్రం శ్రామికుల పాటే" అన్నాడు. రేవు కూలీలు టీ తాగుతూ నిలబడి విన్నారు. అర్థం ఎవరికీ తెలియదు, లాంచీ అన్న మాట ఒక్కటి తప్ప. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఓలమ్మ, అయ్యగారికి తెలిస్తే మళ్ళీ యెనక బెంచీయే" అని నవ్వింది. అయ్యగారికి తెలిసింది. వెనక బెంచీకి మాత్రం పంపలేదు.

రిటైరయ్యాక ఆమె టికియాపారాలో మరిదిగారింటికి వెళ్ళిపోయింది. నాలుగైదేళ్ళ కిందట సాల్ట్‌లేక్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే కుర్రాడు ఒకడు, కరీంనగర్ వాడు, పాత క్యాసెట్ల దుకాణంలో 'జోవార్' దొరికిందని ఎలాగో నా ఆచూకీ తెలుసుకుని వచ్చాడు. అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. "అమ్మా, గీ పాట మీరే పాడిండ్రా? కలకత్తల తెలుగు పాట ఇనంగనే నాకు పానం లేసొచ్చింది" అన్నాడు. అత్త నావైపు తిరిగి, "ఏటంటున్నాడే?" అంది. అర్థం చెప్పాను. ఆమె అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు మాటాడతా ఉండు నాయినా, ఇనడానికి బాగున్నాది" అంది. అన్నం పెట్టకుండా పంపలేదు.

ఆమెని చివరిసారి చూసింది ఈ చలికాలంలోనే. టికియాపారా ఇంటి డాబా మీద ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కింద రైల్వే యార్డులో రైలు పెట్టెలు కడుగుతున్న చప్పుడు. నేను తెచ్చిన డార్జిలింగ్ కమలాపండు ఒలిచి, సగం నాకిచ్చి, సగం తను చేతిలో పెట్టుకుంది. ఒక తొన తిని, "తియ్యగున్నాదే" అంది. రాణి కూతురి చదువు గురించి కొంచెంసేపు మాట్లాడింది. మాట మధ్యలోనే కళ్ళు మూతలు పడ్డాయి. కాసేపటికి ఎండ జరిగి ఆమె ముఖం మీదికి వచ్చింది. లేపబుద్ధి కాలేదు. నా నీడ ఆమె కళ్ళ మీద పడేలా జరిగి కూర్చున్నాను. ఎండ మళ్ళీ జరిగింది, నేనూ జరిగాను. మిగిలిన తొనలు అరచేతిలో అలాగే ఉన్నాయి. నిద్రలో కూడా ఒక్కటీ జారనివ్వలేదు.